వాడిలో కనెక్షన్

అమీర్‌పేటలో బాబూ మియా దర్జీ దుకాణంలో లచ్చవ్వ సిపాయి కోట్లకు కాజాలు కుట్టేది. యుద్ధం రోజులు. నూలు దొరక్క మగ్గం ఆగిపోయి, ఆమె భర్త సిద్ధిరాములు బొంబాయి మిల్లుకు పోయి రెండేళ్లు దాటింది. శ్రావణంలో అతని ఉత్తరం వచ్చింది. చదువు రాని లచ్చవ్వ దాన్ని కరెంటు ఆఫీసులో పనిచేసే రాజనర్సయ్యతో చదివించుకుంది.

"రెండు దినాల సుట్టి ఇచ్చిండ్రు. వాడి జంక్షన్ల కనెక్షన్ చూసుకొని వస్త. ఆదివారం పొద్దుగాల బేగంపేటల దిగుత."

"కనెక్షన్ అంటే ఏందన్నా?"

"మా ఆఫీసు మాటనే చెల్లె. కరెంటు తీగ కలుపుడు. వాడిల గా నౌకరి ఏమన్న ఉన్నదేమో అడిగొస్తడు కావచ్చు."

ఆదివారం లచ్చవ్వ అతను నేసిన నీలిచీర కట్టుకుని, పంజగుట్టలోని ఇంటి నుంచి బేగంపేట స్టేషన్‌కు తెల్లవారకముందే నడిచింది. బండి వచ్చింది, పోయింది. అతను దిగలేదు. తర్వాతి బండిలోనూ లేడు.

మర్నాడు దుకాణంలో ఆమె మొహం చూసి బాబూ మియా అన్నాడు: "ఇయ్యాల సుత పోయి చూడు బిడ్డా."

"ఎందుకు చాచా? వాడిల నౌకరి దొరికి ఆగిపోయిండు. కండ్లు కాయలు కాసింది నాకు, ఆయనకు కాదు."

మిట్టమధ్యాహ్నం సిద్ధిరాములు రేకుపెట్టెతో దుకాణం గడప ముందు నిలబడ్డాడు. సగానికి సగం చిక్కిపోయాడు.

"పొద్దటిసంది టేషన్లనే కూసున్న. నువ్వొస్తవని."

"వాడిల నౌకరి దొరకలేదా?"

"నౌకరేంది? ఒక బండి దిగి ఇంకో బండి అందుకునుడే కనెక్షన్. మా బండి లేటైంది, అది ఎల్లిపోయింది. నిన్నంత ఆడనే పడున్న."

"మళ్ల ఎన్నడు పోవాలె?"

"ఐదు గంటల బండికి. రేపు రాత్రి పాళీ ఉన్నది."

బాబూ మియా ఆమె చేతిలోంచి కోటు తీసుకుని, "నడువు, ఇంటికి నడువు" అన్నాడు.

జొన్నరొట్టె, పుంటికూర వండింది. అతను తింటుంటే చూస్తూ కూర్చుంది. మధ్యమధ్య దగ్గుతున్నాడు. ఎక్కడ పడుకుంటాడో, జ్వరమొస్తే ఎవరు చూస్తారో అడగాలనుకుంది. "ఇంకో రొట్టె ఎయ్యనా?" అని మాత్రం అడిగింది.

స్టేషన్‌లో కిటికీ ఊచ పట్టుకుని అంది: "నన్ను సుత తోలుకపోరాదు."

"ఒక్క ఖోలీల పదిమందిమి ఉంటున్నం లచ్చీ. జాగ దొరకంగనే రాస్త."

"నాకు తెలిసిన మాటల్ల రాయిపియ్యి."

అతను నవ్వబోయాడు, దగ్గు వచ్చింది. బండి కదిలింది. ఊచ మీది ఆమె వేళ్లను అతనే ఒక్కొక్కటిగా విడిపించాడు.

వానలో తడుస్తూ ఇల్లు చేరింది. భోజనమయ్యాక అతను గడియసేపు నడుం వాల్చిన చాప పరిచినట్టే ఉంది. దాన్ని వారం రోజులు చుట్టలేదు. జాగ దొరికిందన్న ఉత్తరం రావడానికి ఏడాదిన్నర పట్టింది.