ఆరేదాకా కదపకూడదు

నా రాతలో తప్పులుంటే సర్దుకుని చదవండి. ఒత్తులు ఇంకా నా మాట వినడం లేదు, చేయి కూడా నెమ్మది. కథకు మాత్రం కాళ్లు బాగానే ఉన్నాయి.

వడ్రంగి నిచ్చెన మీంచి జారిపడ్డాడు. మోకాలి కీలు దగ్గర ఎముక చిట్లి ముక్కలైంది. పెద్దాసుపత్రి డాక్టరమ్మ మోకాలు కోసి, ముక్కలన్నిటినీ ఒక వరసకు తెచ్చి, పక్కన లోహపు పట్టీ పెట్టి మరలు బిగించింది. మర్నాడు ఎక్స్‌రే చేతికిస్తే వడ్రంగి దాన్ని కిటికీ వెలుగుకు పట్టి అటూ ఇటూ తిప్పాడు.

“మరలు తిన్నగా దిగాయి. చేతిలో పనితనం ఉంది,” అన్నాడు భార్యతో.

అక్కడిదాకా బాగానే ఉంది. “ఈ కాలి మీద బరువు మోపకండి. కానీ మోకాలు రోజూ వంచాలి, లేకపోతే బిగుసుకుపోతుంది,” అని డాక్టరమ్మ అనేసరికి ఆయన మొహం మాడింది.

“జిగురు పెట్టిన అతుకును ఆరకముందే ఎవరైనా కదుపుతారా అమ్మా?”

“ఇది కుర్చీ కాదు పెద్దాయనా.”

“కుర్చీకే అంత జాగ్రత్త పడతాం. కాలికి పడొద్దా?”

ఇంటికొచ్చాక వాదన మానేసి పని మొదలుపెట్టాడు. మంచం మీద నుంచే రెండు చెక్కలు నున్నగా చిత్రిక పట్టి, లోపల దూది పరిచి, కాలికి అటొకటి ఇటొకటి పెట్టి తోలు పటకాలతో బిగించుకున్నాడు. చూసినవాళ్లు మెచ్చుకునేంత ముచ్చటగా ఉంది ఆ బందిఖానా. వ్యాయామం నేర్పడానికి వచ్చిన అమ్మాయిని గుమ్మంలోంచే పంపేశాడు.

భార్యకు ముద్ద దిగడం లేదు. ఈసారి చూపించుకునేనాటికి కాలు వంగకపోతే మళ్లీ మత్తిచ్చి వంచాల్సి వస్తుందని డాక్టరమ్మ ఆవిడతో విడిగా చెప్పింది. ఆయన పనిలో ఎక్కువ భాగం కింద కూర్చుని చేసేదే. కాలు కర్రలా మిగిలిపోతే ఆ మనిషి ఏమైపోతాడు? బతిమాలింది, అలిగింది, ఆఖరికి తిట్టింది.

“డాక్టరమ్మ మోకాలికి బదులు మీ మొండితనానికి బిగించినట్టుంది ఆ మరలు.”

“ఆరనీయవే,” అన్నాడాయన.

ఇలా లాభం లేదని ఆవిడ తన తమ్ముణ్ణి పిలిపించింది. అతను గోడలకు రంగులు వేస్తాడు. చెక్క కనిపిస్తే మాత్రం చేయి ఊరుకోదు. ఊగే బల్లకైనా, వదులైన తలుపుకైనా అతని దగ్గర ఒకటే మందు, మేకు. వడ్రంగి అతణ్ణి పిలిచేదీ ఆ పేరుతోనే.

మేకు వచ్చి మంచం పక్కనున్న పనిబల్ల ముందు బైఠాయించాడు. ఒక కుర్చీకాలు తీసుకుని చెక్క నారకు ఎదురుగా చిత్రిక పట్టసాగాడు. పరపరమని పెచ్చులు లేచాయి.

“ఒరే మేకూ, అటు నుంచి కాదు.”

“ఎటు నుంచైతేనేం బావా, అరిగేది చెక్కేగా.”

“నీ చేతికి చిత్రిక ఎవరిచ్చార్రా?”

“అక్క. నువ్వెలాగూ లేవవు. కుర్చీ అడిగినవాళ్లు పాపం ఎన్నాళ్లు నిలబడతారు? అతుకులకు తలో మేకు కొడితే సాయంత్రానికి ఇచ్చేయొచ్చు.”

“నా అతుకులకు మేకులా?”

పటకాలు ఎప్పుడు ఊడదీశాడో ఆయనకే తెలియదు. చెక్కలు దబ్బున నేల మీద పడ్డాయి. మంచం అంచుకు జరిగి, కాళ్లు రెండూ కిందికి వేలాడేసి, బావమరిది చేతిలోంచి చిత్రిక లాక్కున్నాడు.

“చూడు, దద్దమ్మా. చేత్తో నిమిరితే చెక్కే చెబుతుంది ఎటు తోయాలో.”

నాలుగు తోపులయ్యాక గానీ మోకాలు భగ్గుమనలేదు. ఉలిక్కిపడి కిందికి చూసుకున్నాడు. ఓరగా తెరిచిన తలుపులా వంగి ఉంది. వంటగది గుమ్మంలో భార్య నోటికి చేయి అడ్డం పెట్టుకుని నిలబడింది.

“వాడు చెక్కిన కుర్చీకాలు పొయ్యిలోకని పక్కన పెట్టిన పాతదిలెండి,” అంది. “మీరు చేస్తున్న కుర్చీ కాళ్లు అటక మీద భద్రంగా ఉన్నాయి.”

వడ్రంగి కుట్ల మీద మెల్లగా చేయి పెట్టి చూసుకున్నాడు. ఏదీ ఊడలేదు.

“ఆరినట్టుంది,” అన్నాడు, గొంతు సవరించుకుని.

ఆ రోజు నుంచి మేకు రోజూ వచ్చి ఏదో ఒకటి చెడగొట్టేవాడు, ఈయన వంగి సరిచేసేవాడు. ఆసుపత్రిలో డాక్టరమ్మ మోకాలు వంచి చూసి, “బాగా వంగుతోందే. ఎవరు చేయించారు?” అని అడిగింది.

“మా మేకు,” అన్నాడు వడ్రంగి.

డాక్టరమ్మ కంగారుగా ఎక్స్‌రే తీసి వెలుగుకు పట్టింది.

కాలికి కట్టుకున్న చెక్కలు ఇప్పుడు పీటయ్యాయి. దాని మీద కూర్చునే పని చేస్తున్నాడు. పీటకు ఒక్క మేకు కూడా లేదు.

రాసింది పక్కవాటా పెద్దమ్మ. వయసు డెబ్బై దాటింది. ఇప్పుడు ఉంటున్నది వడ్రంగి గోడకు ఇవతల, చిత్రిక చప్పుడు వినబడే గదిలో.