జగన్నాథరావు గారి గొంతు

మండపేటలో జగన్నాథరావు గారి రైసు మిల్లు ఎంత మోత మోగినా, ఆయన తిట్టు మాత్రం రోడ్డు మీద లారీ డ్రైవరుకి కూడా స్పష్టంగా వినపడేది. ముప్పై ఏళ్లు అలా అరిచాక, పంతొమ్మిది వందల తొంభై ఆరులో గొంతులో కాయ లేచింది. రాజమండ్రి డాక్టరు ఆపరేషన్ చేసి, రెండు నెలలు నోరు మెదిపితే ఇక మాటే రాదన్నాడు.

మిల్లులో పండగ మొదలైంది. రావు గారు పలక మీద తిట్లు రాసి చూపిస్తే, హమాలీలు "చదువు రాదండి" అని దణ్ణం పెట్టేవారు.

కాటా దగ్గర పనిచేసే అబ్బులు, టీ కొట్లో ఆయన గొంతుని అచ్చం అలాగే దింపి అందర్నీ నవ్విస్తూండేవాడు. రావు గారి దగ్గర్నుంచి కబురొచ్చేసరికి పని ఊడిందనుకుంటూ వెళ్లాడు. పలక మీద "నాలాగా తిట్టు" అని ఉంది.

"అమ్మతోడు, నేనెప్పుడూ తిట్టలేదండి!"

రావు గారు పలక తుడిచి మళ్లీ రాశారు: "టీ కొట్లో తిట్టినట్టే."

అబ్బులు కళ్లు మూసుకుని ఒక్క కేక పెట్టాడు. "ఏరా! బస్తాలు మోస్తున్నారా, పెళ్లికూతుర్ని మోస్తున్నారా?"

హమాలీలు పరుగందుకున్నారు. రావు గారికి ప్రాణం లేచొచ్చింది. మధ్యాహ్నం వాణ్ణి ఇంటికి భోజనానికి కూడా వెంట తీసుకెళ్లారు.

పులుసు నోట్లో పెట్టుకుని పలక అందుకున్నారు. అబ్బులు చదివాడు. "పులుసులో ఉప్పెవరు వేస్తారే? మీ నాన్నా?"

నాన్న సంగతి పలక మీద లేదు. గొంతు ఊపులో వచ్చేసింది.

ఆయన భార్య రత్నమాణిక్యం గరిటె కింద పెట్టి అబ్బులు వైపు తిరిగారు. "మా నాన్న ఊసెత్తకు. ముప్పై ఏళ్లుగా వండుతున్నాను, బావుందని ఒక్కనాడన్నావా? నేను కట్టుకున్నది మనిషినా, మైకునా?"

రావు గారు గబగబా సుద్ద అందుకున్నారు.

"మీరు ఆ పలక పక్కన పెట్టండి. నేను అబ్బులుతో మాట్లాడుతున్నాను."

అబ్బులు ఇక ఏదో ఒకటి అనాలి. "తప్పయిపోయింది, రత్నం" అన్నాడు, అచ్చం ఆయన గొంతుతోనే.

ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. వాడికీ ఆకు వేసి, గడ్డ పెరుగు వడ్డించారు.

మిల్లుకి తిరిగొస్తూ దారిలో రావు గారు రాశారు: "నిజంగా నేనన్నట్టే ఉందా?"

"ఆయ్, అమ్మగారు నమ్మారండి."

ఆయన పలక తుడిచేశారు.

రెండు నెలలకి గొంతొచ్చింది. తొలి మాట మిల్లులో అనలేదు. అబ్బులు చూస్తూండగానే వంటింటి గుమ్మంలో నిలబడి, "తప్పయిపోయింది, రత్నం" అన్నారు.

రత్నమాణిక్యం పొయ్యి మీంచి గిన్నె దించి ఆయన వైపు తిరిగారు.

"అబ్బులే బాగా అన్నాడండి. ఇంకోసారి అనండి."