బయానా ఇచ్చిన బండి

వరద నీళ్ళతోపాటు రిఫైనరీ నూనె కూడా ఎన్నూరు పేటలో ఇళ్ళలోకి వచ్చిన యేడు కోదండరాం సుబేదార్ మోటార్ సైకిలుకు బయానా ఇచ్చాడు. ఉత్తర మద్రాసు జనానికి సంవత్సరాల లెక్క ఉండదు. ఏ వరదకు ముందు, ఏ వరదకు తరువాత అని అడిగితే మాత్రం తడుముకోకుండా చెప్తారు.

కోదండరాంది జార్జి టౌన్‌లో ఎండుమిరపకాయల టోకు అంగడి. తాత పెట్టింది. వయసులో ఉన్నప్పుడు ఆయన దగ్గర ఒక సుబేదార్ ఉండేది. అది డుబుడుబుమని సందులోకి వస్తుంటే చేతిబండ్ల వాళ్ళు తిరిగి చూడకుండానే పక్కకు జరిగేవాళ్ళు. తరువాత కంపెనీ మూతపడింది. బండి పాత ఇనుములోకి పోయింది.

ఇన్నేళ్ళకు ఎవరో ఆ కంపెనీ పేరు కొన్నారు. పేరు మాత్రమే. పాత ఫ్యాక్టరీ లేదు, పాత పనివాళ్ళు లేరు, పాత నట్టు ఒక్కటి లేదు. టాంకీ మీద మీసాల సిపాయి బొమ్మ అట్లాగే వేసి, సుబేదార్ తిరిగి వచ్చాడని ఊరంతా బోర్డులు కట్టారు. పోయినవాడి చొక్కా తొడుక్కుని వాడి ఇంట్లోనే భోజనానికి కూర్చున్నట్టు ఉంది వాళ్ళ వ్యాపారం.

అది తెలిసి కూడా కోదండరాం పోయాడు. ఆయనకు కుడి తుంటి అరిగిపోతోంది. ఇంకొన్నాళ్ళకు ఆపరేషన్ తప్పదనీ, అది అయ్యాక బండి మాట ఎత్తవద్దనీ డాక్టరు చెప్పాడు. కాలెత్తి అవతలికి వేయగలిగినంత కాలమే ఆ ముచ్చట.

షోరూము పూందమల్లి హైరోడ్డు మీద ఉంది. మేనేజరు సాయిరామ్ మద్రాసు చూలై పేటలో పుట్టిన తెలుగు పిల్లవాడే. టై కట్టుకుని, నవ్వు ముఖానికి అంటించుకుని ఉన్నాడు.

"రెండు లక్షల పది వేలు సార్, ఆన్ రోడ్. ఎండలు ముదిరేలోగా మీరే స్టార్ట్ చేసుకోని పోతారు."

కోదండరాం ఇరవై వేలు బయానా ఇచ్చాడు. ధర రాసి ఇవ్వమని అడగలేదు. ఆయన సందులో ఎవడూ అడగడు. బయానా చేయి మారిందంటే ధర అక్కడే నిలిచిపోతుంది. తరువాత పెరిగితే అమ్మినవాడి ఖర్మ, తగ్గితే కొన్నవాడి ఖర్మ. రాసి ఇవ్వమంటే ఎదుటివాడిని దొంగ అన్నట్టు.

ఆ వరదకే మిరపకాయ ధర చెట్టెక్కి కూర్చుంది. మాధవరంలో మెస్సు నడిపే వేలు అనే అతను సరుకుకు వచ్చాడు. గుమాస్తా చంద్రు యజమాని చెవి దగ్గర గొణిగాడు.

"మొదలాళీ, ఇప్పుడు రేటే వేరే. గోడౌన్లో సగం తడిసిపోయిండాది."

"వేలు బయానా ఎప్పుడిచ్చినాడు?"

"వరదకు ముందు."

"వరదకు ముందు రేటే ఏసి పంపు."

అంతే. ఆ నష్టం గురించి మళ్ళీ ఆ అంగట్లో మాట లేదు.

ఎండలు ముదిరాయి. బండి రాలేదు. సాయిరామ్‌కు ఫోన్ చేసినప్పుడల్లా ఒక కొత్త సాకు. ఒకసారి ఏదో చిప్పు సముద్రంలో ఓడ మీద ఉందన్నాడు. ఒకసారి పెయింటు ఆరలేదన్నాడు. పెయింటు ఆరడానికి మద్రాసు ఎండ చాలలేదట! పచ్చ రంగు మానుకుని నలుపు తీసుకుంటే తొందరగా వస్తుందన్నాడు. కోదండరాం సరేనన్నాడు. రంగు మారింది కనక అది కొత్త బుకింగ్ కింద లెక్క అని చెప్పి, ఆయనను వరసలో చివరికి తోశారు.

మధ్యలో ఫోన్‌కు మెసేజీలు. ప్రియమైన సుబేదార్ కుటుంబ సభ్యులకు ధర కొంచెం సవరించామని. మళ్ళీ కొన్నాళ్ళకు ఇంకొంచెం సవరించామని. బండి కదలలేదు కానీ ధర మాత్రం మంచి పికప్‌లో ఉంది. కోదండరాం వాటిని లెక్క చేయలేదు. అవి బయానా ఇవ్వనివాళ్ళకు అనుకున్నాడు.

పక్కంగడి దొరస్వామి రోజూ పలకరించేవాడు. "ఏం కోదండం, పురుడయిందా? ఏనుగు కూడా ఈపాటికి ఈనేసి ఉంటాది కదప్పా!"

ఇంట్లో భార్య వాసంతి ఇంకా నయం. "తుంటికి నూనె రాయమంటారా, వచ్చే బండికి దాచిపెట్టమంటారా?" అని మాత్రం అడిగేది.

ఇంకో వానాకాలం కూడా దాటిపోయాక ఫోన్ వచ్చింది. బండి వచ్చింది.

వాసంతి నిమ్మకాయలు, కర్పూరం, సంపెంగ దండ పట్టుకుని వెంట వచ్చింది. షోరూము మధ్యలో బండి నల్లగా నిగనిగలాడుతూ నిలబడి ఉంది. కోదండరాం హ్యాండిలుకు దండ వేసి, సీటు పట్టుకుని కాలెత్తాడు. అందలేదు. పళ్ళు బిగించి మళ్ళీ ఎత్తాడు. కూర్చున్నాడు. చాలా ఏళ్ళకు మొగుడి ముఖంలో నవ్వు చూసి వాసంతి తల తిప్పుకుంది.

అప్పుడు సాయిరామ్ బిల్లు తెచ్చాడు. రెండు లక్షల అరవై రెండు వేలు. అది కాక హ్యాండ్లింగ్ ఛార్జీ. అదీ కాక, వద్దన్నా కొనితీరాల్సిన హెరిటేజ్ ప్యాక్. అందులో ఒక టోపీ, ఒక టీషర్టు, తాళాలకు తగిలించుకోవడానికి ఇత్తడి మీసం.

కోదండరాం ఆ మీసం వైపు కాసేపు చూశాడు.

"రెండూ పది అన్న్యావు."

"అది అప్పటి రేటు సార్."

"బయానా కూడా అప్పటిదే కదా."

"బయానా కాదు సార్, బుకింగ్. బుకింగ్ అంటే లైన్లో మీకొక చోటు, అవ్వళవుదాన్, అంతే. రేటు డెలివరీ రోజుది."

"లైన్లో నిలబడేదానికి ఇరవై వేలా? రేషనంగట్లో ఊరికే నిలబడనిస్తారు గదయ్యా," అంది వాసంతి.

సాయిరామ్ నవ్వు చెదరలేదు. "ఇష్టం లేకుంటే క్యాన్సిల్ చేసుకోండి మేడమ్. అడ్వాన్స్ ఫుల్ రిఫండ్. అణ్ణానగర్ కస్టమర్ ఒకాయన రేపు పదకొండుకు క్యాష్‌తో వస్తానంటా ఉండాడు. రేటు కూడా అడగలా."

ఇచ్చిన బయానాను కోదండరాం ఇంట్లో మూడు తరాలుగా ఎవరూ వెనక్కి తీసుకోలేదు. తీసుకుంటే ఆ సరుకు తనది కాదని ఒప్పుకున్నట్టే. ఆయన బండి దిగాడు. ఎక్కడానికంటే దిగడానికే ఎక్కువ సేపు పట్టింది. దండ మాత్రం తీయలేదు.

ఇంటికి వచ్చి అన్నం దగ్గర కూర్చున్నాక వాసంతి అంది. "మన దగ్గర లేకనా? వాడి ముఖాన కొట్టి తెచ్చుకోండి. కాలేమన్నా మీ కోసరం కాచుకోని ఉంటాదా?"

"లేక కాదు."

"మరేంది?"

"ఇస్తే వాడు చెప్పింది న్యాయమవుతాది."

"ఇయ్యకుంటే బండి పోతాది."

ఆయన మజ్జిగ పోసుకున్నాడు.

మర్నాడు పొద్దున అంగడి తెరవమని చంద్రుకు తాళాలు పంపి, కోదండరాం తెల్ల పంచె కట్టుకుని, టౌన్ బస్సెక్కి, షోరూము షట్టరు లేచే వేళకు అక్కడ నిలబడ్డాడు. నేల తుడుస్తున్న ఆమె, నిన్నటి పెద్దాయనే కదా అని లోపలికి రానిచ్చింది. బండికి దండ అట్లాగే ఉంది, వాడిపోయి. పంచె ఎగ్గట్టి, సీటు పట్టుకుని, కాలెత్తాడు. రెండుసార్లు జారింది. మూడోసారి ఎక్కి కూర్చుని, రెండు చేతులా హ్యాండిలు పట్టుకున్నాడు.

సాయిరామ్ వచ్చి చూసి నిలబడిపోయాడు. ఇవాళ నవ్వు తగిలించుకోవడం మరిచినట్టున్నాడు.

"సార్, ఎన్న సార్ ఇది? దిగండి."

"చెక్కు జేబులో ఉండాది. బయానా పోగా లక్షా తొంబై. తీసుకో."

"అది కుదరదు సార్! పదకొండుకు ఆ కస్టమర్ వచ్చేస్తాడు!"

"రానీ," అన్నాడు కోదండరాం, అద్దం సరిచేసుకుంటూ. "ఎనక సీటు ఖాళీగానే ఉండాది. కూర్చోమను."