పది నల్లచుక్కలు

గురువారం సాయంత్రం ఆఫీసులో సమాచార భద్రత మీద రెండు గంటల తరగతి విని వచ్చిన భద్రతాధికారి, చొక్కా అయినా మార్చుకోకుండా తిన్నగా కంప్యూటరు దగ్గరికి నడిచాడు. దాని ముందు ఆయన ఇల్లాలు కూర్చుని, మోచేతి దగ్గర చిరిగిన చొక్కాకి అతుకు ఎలా వేయాలో తెలుగులో టైపు చేస్తోంది. వాక్యం సగంలో ఉంది.

"ఒక్క నిమిషం లే. నీ పుస్తకానికి తాళం వేసిస్తాను."

"పాత బట్టలు బాగుచేసుకోవడం గురించి రాస్తున్నానండీ. ఎవరెత్తుకుపోతారు?"

"పోయాక ఏడిస్తే లాభమేంటి?"

ఆమె లేచింది. పంతొమ్మిదేళ్ల కాపురంలో ఆయన వేసే తాళాలకి ఎన్నడూ అడ్డం చెప్పలేదు. మేడ మీద నీళ్ల ట్యాంకు మూతకి తాళం ఉంది. ఆ తాళంచెవి ఉన్న సొరుగుకీ తాళం ఉంది. సొరుగు తాళంచెవి ఆయన ఆఫీసు బల్లలో ఉంటుంది. అందుచేత ఆ ఇంట్లో ట్యాంకు కడగాలంటే ఆఫీసు పనిచేసే రోజై ఉండాలి.

ఆయన ఆమె పుస్తకం ఫోల్డరునీ, తన బీమా కాగితాల ఫోల్డరునీ కలిపి ఒకే జిప్ ఫైలుగా కట్టి, పాస్‌వర్డ్ పెట్టాడు. గడిలో అక్షరాలు కనబడలేదు, వరసగా పది నల్లచుక్కలు పడ్డాయి. ఆ తరవాత అసలు ఫోల్డర్లు తుడిచేశాడు. చెత్తబుట్ట ఖాళీ చేశాడు. ఆమె పెన్‌డ్రైవ్‌లో దాచుకున్న నకలు కూడా వెతికి మరీ తీసేశాడు.

"రెండు చోట్ల ఉంటే ఇంకా భద్రతేముంది?" అన్నాడు.

శుక్రవారమంతా ఆమె కాగితం మీద కుట్ల బొమ్మలు గీసుకుంటూ గడిపింది. ఆ ఒక్క చోట ఉన్నది కూడా తెరుచుకోవడం లేదని శనివారం మధ్యాహ్నం మూడింటికి తెలిసింది.

ఐదింటికల్లా పుస్తకం ప్రచురణకర్తకి చేరాలి. ఆవిడ మాటల్లో మెత్తదనం ఎంతుంటుందో గడువుల్లో అంత తక్కువ. "ఐదు దాటితే మీ బదులు ఇంకో పుస్తకం అచ్చుకి వెళ్తుందండీ. మీది వచ్చే ఏడు చూద్దాం," అని ముందే చెప్పింది. వంటకీ ఉతుకుడికీ మధ్య రెండేళ్లు కూర్చుని రాసిన నూట నలభై పేజీలు. మొదటిసారి ఒక అట్ట మీద తన పేరు.

ఫైలు మీద నొక్కితే లోపలున్నవాటి పేర్లన్నీ కనిపిస్తున్నాయి. 'మోచేతి అతుకు', 'జేబు అడుగు చిరిగితే', 'ఊడిన అంచు'. అద్దాల బీరువాలోని చీరల్లా అన్నీ ఎదురుగానే ఉన్నాయి, చెయ్యి మాత్రం పట్టదు.

"లాక్ ఆన్ లాక్," అన్నాడు ఆయన. "ఇంగ్లీషులో, అన్నీ చిన్నక్షరాలు, మధ్యలో ఖాళీల్లేవు. డైరీలో తేదీతో సహా రాసుకున్నా."

ఏడుసార్లు కొట్టింది. ఏడుసార్లూ తప్పంది. అప్పుడు మరిదికి ఫోన్ చేసింది. కంప్యూటర్లు బాగుచేయడం అతని వృత్తి. ఆ ఇంటి కంప్యూటరులో విండోస్ బదులు లినక్స్ వేసిచ్చిందీ అతనే.

"అన్నయ్య తాళం వేశాడా వదినా? అయితే అందులో ఏముందో మర్చిపోవడం మంచిది."

"నీ వేళాకోళం రేపు విడిగా వింటాలే. ఐదింటికి పంపాలి."

అతను ఆదేశాలు టైపు చేసే నల్లటి టెర్మినల్ తెరిపించి, అన్‌జిప్ అని కొట్టించి, దాని పక్కన ఫైలు పేరు కొట్టించాడు. "ఇప్పుడు పాస్‌వర్డ్ కొట్టు. ఇందులో చుక్కలు కూడా పడవు, కంగారుపడకు."

ఆమె కొడుతుంటే వెనకనుంచి భద్రతాధికారి, "కీబోర్డు చచ్చింది. నేను మొన్ననే అనుకున్నా," అన్నాడు.

"చావలేదండీ. కనబడకుండా తీసుకుంటోంది."

అది కూడా పాస్‌వర్డ్ తప్పనే అంది.

"పగలగొట్టలేవా?" అని మరిదిని అడిగింది.

"ప్రోగ్రాములున్నాయి వదినా. పది అక్షరాలంటే ఒక్కోటీ మార్చి మార్చి వేసి చూడాలి. నేను రిటైరయ్యేలోపు తెరుచుకోవచ్చు. అన్నయ్యే డైరీలో తప్పు రాసుకున్నాడేమో అడుగు."

"నేను తప్పు రాయను," అన్నాడు అన్నయ్య. తరవాత గొంతు తగ్గించి, "నువ్వేమైనా కదిలించావా దాన్ని?" అన్నాడు భార్యతో.

నాలుగున్నర అయింది. ఆమె ఫోన్ పెట్టేసి, మెయిల్ తెరిచి, రెండు మీటలు కలిపి నొక్కి తెలుగులోకి మార్చుకుని, 'అమ్మా, ఒక్కరోజు గడువు' అని మొదలుపెట్టింది. తరవాత ఏం రాయాలో తోచలేదు.

"చుక్కల్లో నువ్వేం కొడుతున్నావో ఎవరికి తెలుసు? ఇదిగో, కనబడేచోట కొట్టి చూపిస్తా," అంటూ ఆయన ఆమె భుజం మీదుగా వంగి, ఆ ఉత్తరంలోనే తన పది మీటలూ టకటకా కొట్టాడు.

తెర మీద పడింది: తదమకదలతదమక.

"చెప్పానా, కీబోర్డు పోయిందని," అన్నాడు విజయగర్వంతో.

ఆమె ఆ పది అక్షరాల వంక చూస్తూ ఉండిపోయింది. కుట్టు ఎక్కడ తప్పిందో పైనుంచి చూస్తే తెలియదు, బట్ట తిరగేసి చూడాలని ఆమె పుస్తకంలో మొదటి పేజీలోనే ఉంది. గురువారం తను లేచింది తెలుగు వాక్యం మధ్యలోంచి. ఆయన కూర్చున్నది ఆ కుర్చీలోనే. కీబోర్డుని మళ్ళీ ఇంగ్లీషులోకి మార్చినవాళ్లెవరూ లేరు. తెలుగులో ఉన్నప్పుడు అదే ఎల్ మీటకి త, ఓ మీటకి ద పడతాయి. చుక్కలకి భాష ఉండదు కదా.

జిప్ ఫైలు తెరిచి, తెలుగు అలాగే ఉంచి, అవే పది మీటలు నొక్కింది. తెరుచుకుంది. తన ఫోల్డరు ఒక్కటీ బయటికి లాగి, నాలుగూ నలభై ఒకటికి పంపేసింది. ఐదు నిమిషాల్లో జవాబు వచ్చింది: 'అందింది. కొందరిలా ఫైలుకి తాళం వేసి పంపలేదు, సంతోషం.'

"చూశావా, ఎంత గట్టి తాళమో," అన్నాడు ఆయన. "వేసినవాణ్ణే రానివ్వలేదు. ఇంతకీ ఎలా తెరిచావు?"

"మీ పాస్‌వర్డ్‌తోనేనండీ. ఒక్క మీట కూడా మార్చలేదు."

సోమవారం పొద్దున ఆయనకి బీమా కాగితాలు కావలసి వచ్చాయి. కుర్చీలో కూర్చుని డైరీ పక్కన పెట్టుకుని కొట్టాడు. పది చుక్కలు పడ్డాయి. తప్పంది. మళ్ళీ కొట్టాడు.

కిటికీ దగ్గర కూర్చున్న ఆమెకి తెర మూలనున్న భాష గుర్తు అక్కడినుంచే కనబడుతోంది. ఇంగ్లీషు.

"ఏమోయ్, ఒకసారి ఇటు రా. ఎలా తెరిచావో చెప్పు."

"నాకొక్కదానికి తెలుసుగా. రెండు చోట్ల ఉంటే ఇంకా భద్రతేముంది?"

ఆయన మూడోసారి కొట్టడం మొదలుపెట్టాడు. ఆమె వెంటనే లేవలేదు. చేతిలో ఉన్న మోచేతి అతుకుకి ఇంకా నాలుగు కుట్లు మిగిలున్నాయి. ఆయన ఆఫీసుకి వేసుకెళ్లాల్సిన చొక్కా అది.