ఫోను తీగ మీద పాలమూరు ఆఫీసు

కొత్తకోటలో మొయినుద్దీన్ సాబ్ ఇంటి కోడలు గడప దాటాలంటే గట్టి కారణం ఉండాలి. కోడలు దిల్షాద్‌కు ఆ కారణం పాలమూరులోని వాళ్ల పార్సిల్ ఆఫీసులో, టేబుల్ మీద ఉండేది. కంప్యూటర్. పెండ్లికి ముందు నేర్చుకున్న విద్య, ఇంట్లో ఇంకెవరికీ రాదు. అందుకే మామ ఒప్పుకున్నాడు గానీ, లేకపోతే ఆయన ఒప్పుకునే మనిషా?

రోజూ బస్సెక్కేది. ఊరు దాటితే గానీ ఆమెకు ఊపిరాడేది కాదు. ఆఫీసులో బాలనర్సమ్మ బుకింగులు కొట్టేది, దిల్షాద్ సాయంత్రం లెక్క సరిచూసి మూసేది. నిజం చెప్పాలంటే ఆమె పని చిటికెలో అయిపోయేది. మిగతా పూటంతా ఇద్దరూ ఒకే డబ్బాలో తినడం, క్లాక్ టవర్ దాకా నడవడం, గాజుల దుకాణంలో కొనకుండా బేరమాడడం. ఇవన్నీ ఇంట్లో చెప్తారా ఎవరైనా? తల తిరిగేంత పని అని చెప్పింది.

తొంభై ఎనిమిదిలో మామకు కొత్త సరదా పుట్టింది. ఆఫీసు లెక్క ఇంట్లోనే చూడాలట. హైదరాబాద్ నుంచి కృష్ణయ్య అనే కంప్యూటర్ మనిషిని పిలిపించాడు.

"రెండు తొవ్వలున్నయి సాబ్," అన్నాడు కృష్ణయ్య. "పాలమూరు దాక సొంత లైన్ తీసుకుంటే ఎప్పుడూ తెరిచే ఉంటది, గని శాన పిరం. లేకుంటే ఇంట్ల ఫోనుకే మోడెం పెడ్త. ఫోన్ చేసినట్టే ఆడి కంప్యూటర్‌కు కలుస్తది. ఆడ కనిపించేదంత ఈడ కనిపిస్తది, ఈడికెల్లే పని చెయ్యొచ్చు. కలిసి ఉన్నంతసేపు ఎస్టీడీ పడ్తది."

"నువ్వు చెప్పు బేటీ," అన్నాడు మామ. "ఏది అగ్గువ?"

దిల్షాద్‌కు సంగతి అర్థమైపోయింది. ఇది కుదిరితే తన బస్సు బంద్.

"రెండూ దండుగే మామా," అంది. "ఎస్టీడీ నిమిషాల లెక్కన పడ్తది. గా బిల్లు కన్న నా బస్సు కిరాయే నయం."

పైసా దగ్గర మామ పీనాసి. గడ్డం దువ్వుకుని తలూపాడు. హమ్మయ్య, గండం గడిచిందనుకుంది.

కృష్ణయ్య సంచి సర్దుకుంటూ ఊరికే అన్నాడు. "నిజమే, మేడమ్‌కు కొత్త గదా. రోజు లెక్క మూయనీకి పూట పడ్తుండొచ్చు."

"పూటనా? నాకు పది నిమిషాలు చాలు."

అనేసింది! ఆ ఇంట్లో ఆమెకంటూ ఉన్న ఒక్క గొప్పను ఎవడో తక్కువ చేస్తే ఊరుకుంటుందా? ఊరుకోవాల్సింది పిచ్చిపిల్ల.

మామ చెయ్యి గడ్డం మీదే ఆగింది. "పది నిమిషాల ఎస్టీడీ అంటే కిరాయి కన్న తక్కువే గదా," అన్నాడు మెల్లగా. "పెట్టు కృష్ణయ్యా, మోడెం పెట్టు."

"మంచిగైంది, ఎండల తిరుగుడు తప్పింది బిడ్డకు," అంది అత్త హుస్సేన్ బీ. ఆమె నిజంగానే సంతోషపడింది. దిల్షాద్‌కు ఏడుపొచ్చింది.

వారం తిరక్కముందే వెనక గదిలోకి ఒక పాత కంప్యూటర్ వచ్చింది. మొదటి సాయంత్రం మోడెం కీచుమని అరిచి పాలమూరుకు కలిసింది. అదే తెర, అవే అంకెలు. కావాలనే నెమ్మదిగా చేసింది. వెనకాల మామ వాచీ చూస్తూ నిలబడ్డాడు.

చివరి పార్సిల్ దగ్గర, ఆమె చెయ్యి వెయ్యకుండానే తెర మీద ఇంగ్లీషు అక్షరాలు పడసాగాయి. అవతల బాలనర్సమ్మ కొడుతోంది. మాటలు మాత్రం తెలుగే. 'అన్నం తినబుద్ధి కాలే. ఎప్పుడొస్తవ్?'

మామకు అంకెలు తప్ప ఇంగ్లీషు రాదు. "ఏందది?" అన్నాడు.

జవాబు కొట్టాలని వేళ్లు లేచాయి. నిమిషాలు పోతున్నాయి, మామ కదలడం లేదు.

"తప్పు పడ్డది మామా," అని ఒక్కొక్క అక్షరమే చెరిపేసింది.

"జల్ది పట్టినవ్ బేటీ," అని మెచ్చుకున్నాడు మామ. "ఇగ లైన్ కట్ చెయ్."