రెండో పార్టులో తలుపు

సీడీని స్టీలు పీచుతో గీకింది నేను. దానికి తిట్లు తిన్నది మా అమ్మాయి ఇఫ్రా.

అప్పట్లో మేం బెంజ్ సర్కిల్ వెనక సందులో ఉండేవాళ్ళం. ముందు గదిలో మా ఆయన రవూఫ్ గారి వీడియో గేముల షాపు, వెనక రెండు గదుల్లో మా కాపురం. శుక్రవారం నమాజుకి వెళ్ళేటప్పుడు ఆయన షట్టరు సగం దించి వెళ్ళేవారు. ఆ గంటసేపూ షాపు మాది, నాదీ ఇఫ్రాదీ. ఎండాకాలం సెలవుల్లో ఆ గంట కోసం వారమంతా ఎదురుచూసేవాళ్ళం. నన్ను ఉయ్యూరులో ఏడో తరగతితో మాన్పించేశారు, ఇంగ్లీషు రాదు. ఇఫ్రా కాన్వెంటులో చదివేది. అందుకని తెర మీద అక్షరాలు తను చదివేది, జాయ్‌స్టిక్ నేను పట్టుకునేదాన్ని. గుండీలు, కాజాలు కుట్టి అలవాటైన వేళ్ళు కదా, బటన్ల మీద చకచకా ఆడేవి.

మా ఇద్దరికీ ప్రాణం ఒక్కటే గేమ్. దాని అసలు పేరు నాకు నోరు తిరిగేది కాదు. దీపం గేమ్ అనేవాళ్ళం. ఒక చిన్నపిల్ల, చేతిలో దీపం, వెంట ఒక కుక్క. అమ్మను వెతుక్కుంటూ దీవంతా తిరుగుతుంది. చివరికి ఒక ఇల్లు వస్తుంది. తలుపు కొంచెం తెరిచి ఉంటుంది, లోపల ఎవరో ఆడమనిషి నీడ. పిల్ల దీపం పైకెత్తగానే తెరంతా తెల్లబడిపోతుంది. అంతే. ఒక్క అక్షరం కూడా రాదు.

మొదటిసారి అక్కడికి చేరినప్పుడు ఇఫ్రా నా మోకాలు పట్టుకుని అడిగింది.

"అమ్మీ, లోపలున్నది వాళ్ళమ్మేనా?"

"అమ్మే. ఇంకెవరుంటారే?"

"మరి బయటికి రాదేం?"

"వస్తుందిలే. పిల్లని ఇంకా చూసుండదు."

ఇఫ్రా నా మోకాలు వదిలింది. "అవును, చూసుండదు," అంది.

మరుసటి ఏడు, రెండువేల నాలుగు మే నెలలో, దానికి రెండో పార్టు వచ్చింది. పక్క జిరాక్సు షాపు కిరీటి కౌంటరు మీద వాలి ఒకటే గొడవ.

"ఆ తలుపు సంగతి తేల్చేశారంట రవూఫ్ భాయ్! కుక్కతో విడిగా ఇంకో గేమ్ కూడా వస్తందంట."

"కుక్కకి కూడానా? రేపు దీపంలో వత్తికి కూడా ఒకటి తీస్తార్లే," అన్నారు మా ఆయన. "తేల్చకుండా వదిలేశారు కాబట్టే ఇన్నాళ్ళూ దాని గురించి కొట్టుకు చచ్చారు మీరంతా. తేలిపోయాక ఇంకేముంటది మాట్లాడుకోడానికి?"

"భలేవాడివి భాయ్. ఏడాది నుంచి నాకు నిద్రపట్టక చస్తంటే."

"నిద్రపట్టంది గేమ్ గురించేనా? మీ ఆవిడనడగమంటావా?"

ఇద్దరూ పగలబడి నవ్వారు. వెనక గదిలో బియ్యం ఏరుతున్న నాకు చేతులాడలేదు. తేల్చేశారన్న మాట దగ్గరే ఉండిపోయాను.

ఇఫ్రాకి ఏది పెట్టినా ముందు నేను చూసి పెట్టడం నా అలవాటు. చేపముక్క అయితే రెండుసార్లు నలిపి చూస్తాను, ముల్లుంటుందేమోనని. ఇదీ అలాగే అనుకున్నాను. ఇఫ్రా అరబీ పాఠానికి వెళ్ళిన పూట, ఆయన భోంచేసి కునుకు తీస్తుంటే, ఒక్కదాన్నే సీడీ పెట్టి చూశాను.

మొదట్లోనే అదే ఇల్లు, అదే తలుపు. ఈసారి లోపలివైపు నుంచి చూపించారు. తల్లే. తలుపు సందులోంచి పిల్లను చూసింది. తేరిపార చూసింది. చూసి ఒక అడుగు వెనక్కి వేసి, తలుపు మూసేసింది. కింద ఏవో అక్షరాలు వచ్చి పోయాయి.

సీడీ తీసి అంట్ల దగ్గరికి తీసుకెళ్ళి పీచుతో గీకాను. తుడిచి మళ్ళీ డబ్బాలో పెట్టేశాను.

శుక్రవారం పొద్దున ఆయన కంట పడింది. ఆయన లెక్కలో ఇంట్లో సీడీలు ముట్టుకునేది ఇఫ్రా ఒక్కతే.

"కొత్త సీడీనే ఇది! నేల మీద ఈడ్చావా ఏంటి? తొమ్మిదేళ్ళొచ్చాయి, జాగ్రత్తుండక్కర్లా?"

ఇఫ్రా సీడీని అటూ ఇటూ తిప్పి చూసింది. నా వైపు చూసింది. వాళ్ళ నాన్న ముందు తల వంచుకుని, "పొరపాటైంది అబ్బా," అంది. ఆయన ఇంకా నాలుగు మాటలన్నారు. నేను టీ గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడ్డాను.

ఆయన నమాజుకి వెళ్ళాక ఇఫ్రా వచ్చి పక్కన కూర్చుంది.

"పీచు గీతలు కదా అమ్మీ అవి? మన మూకుడు అడుగున కూడా అట్లాగే ఉంటాయి."

నేను తలూపాను.

"ఏముంది అందులో?"

"వాళ్ళమ్మ చూసి కూడా తలుపేసుకుంది. కావాలనే."

"కింద అక్షరాలు రాలేదా?"

"వచ్చాయి."

"ఏం రాసుంది?"

"నాకు చదవడం ఎక్కడొచ్చే."

"మరి కావాలనే వేసుకుందని నీకెట్లా తెలుసు? లోపల దొంగలున్నారేమో. ఏదైనా తేవడానికి వెళ్ళిందేమో."

దొంగల మాట నాకు తట్టనే లేదు. ఎందుకు తట్టలేదో నాకు తెలుసు. అది దానికి చెప్పకుండా ఉండాల్సింది. చెప్పాను.

మా అబ్బాయి అర్హాన్ నెలలు నిండకుండా పుట్టినప్పుడు ఇఫ్రాకి మూడేళ్ళు. ఇద్దర్నీ నేను సాకలేనని మా అమ్మ దాన్ని ఉయ్యూరు తీసుకెళ్ళింది. నలభై రోజులనుకున్నది రెండేళ్ళయింది. తిరిగి తీసుకొచ్చిన రోజు అది ఆటో దిగి, ఎండకి నల్లబడిపోయి, మా అమ్మ బురఖా పట్టుకుని వాకిట్లో నిలబడింది. నా చంకలో అర్హాన్ జ్వరంతో ఏడుస్తున్నాడు. నేను దాన్ని చూశాను. ఇంకో నెల అక్కడే ఉంటే బాగుండునే అనుకున్నాను. అనుకుని లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాను. మా అమ్మ తోసుకుని వచ్చేదాకా తియ్యలేదు.

ఇదంతా దాచకుండా చెప్పేస్తే మంచిదనుకున్నాను. నా మనసు సంగతే చూసుకున్నాను.

ఇఫ్రా జాయ్‌స్టిక్ తీగ వేలికి చుట్టుకుంటూ విన్నది.

"నువ్వు నన్ను చూళ్ళేదనుకున్నా అమ్మీ," అంది చివరికి. "తమ్ముడు ఏడుస్తున్నాడు కదా, అందుకని అమ్మీ చూసుండదులే అనుకున్నా."

షట్టరు పైకి లేచింది. ఆయన చెప్పులు విప్పకముందే ఎదురెళ్ళాను.

"ఏమండీ, ఆ సీడీ గీకింది నేను. ఇఫ్రా కాదు."

ఆయన నవ్వారు. "కూతుర్ని వెనకేసుకు రావడంలో నీ తర్వాతే ఎవరైనా. తల్లంటే అట్లాగే ఉండాలిలే నజీమా."

ఇఫ్రా వింటూనే ఉంది. తలెత్తలేదు.

తర్వాతి శుక్రవారం పాత సీడీనే పెట్టుకున్నాం. అక్షరాలు తను చదివింది, దీవంతా దాటించి ఇంటిదాకా నేను తీసుకెళ్ళాను. తలుపు కనబడింది. దీపం ఎత్తే బటను మీద నా బొటనవేలు ఉంది. అప్పుడు ఇఫ్రా లేచి వెళ్ళి టీవీ కట్టేసింది.

"చాల్లే అమ్మీ. తమ్ముడు లేస్తాడు," అంది.

అర్హాన్ ఎప్పుడో లేచాడు. గుమ్మంలో కూర్చుని మరమరాలు తింటున్నాడు.