క్షారత రెండు

నాగశ్రీ రెండో అట్టు తిరగేస్తుండగా భర్త మురళీకృష్ణ వంటింట్లోకి వచ్చి ప్రశ్నపత్రం గట్టు మీద పడేశాడు.

“ఫాస్ఫరస్ ఆమ్లం క్షారత రెండని గీతికకి నువ్వేనా చెప్పింది?”

“అవునండి. రెండే.”

“నేను మూడని అందరివీ దిద్దేశాను. నిన్న క్లాసులో అందరి ముందూ నన్నే నిలదీసింది. ఇప్పుడు నువ్వే వెళ్ళి చెప్పు, పొరబాటున చెప్పానని.”

“ఓ మాట అనేస్తే అయిపోద్ది కదమ్మా,” అంది అత్తగారు బుల్లెమ్మ, కాఫీ గ్లాసు దించకుండానే. “వాడు పదిమందిలో తిరిగేవాడు.”

ఆ ఆమ్లంలో హైడ్రోజన్లు మూడున్నా, ఆక్సిజన్‌ను పట్టుకున్న రెండే నీటిలో విడివడి లోహానికి చోటిస్తాయి. ఫాస్ఫరస్‌నే అంటిపెట్టుకున్న మూడోది కదలదు. అలా చోటివ్వగలిగిన వాటి లెక్కే క్షారత. ఎమ్మెస్సీ చదివిన నాగశ్రీకి ఇది తెలుసు. నిడదవోలులో ఇంటి పైఅంతస్తులో ఆయన కోచింగ్ పెట్టిన పదకొండేళ్ళుగా వంట ముగించి, తడిచేతులు చీరకు తుడుచుకుని పైకెళ్ళి పాఠం చెబుతోంది. వచ్చినవాళ్ళతో ఆయన, “మా మిసెస్ అండి, ఖాళీగా ఉండలేక పిల్లలకి డౌట్లు చెప్తుంది,” అంటాడు. ఆయన తప్పులు ఇదివరకూ తన మీద వేసుకుంది. ఇంట్లో మాటలుండవన్న భయం, పిల్లల ముందు భర్తను చిన్నబుచ్చిందంటారన్న భయం. కానీ ఈసారి ఆ ఒక్క మార్కుతో గీతిక మొదటి బ్యాచ్‌ నుంచి కింది బ్యాచ్‌కి పడిపోయింది.

అయినా పైకెళ్ళి చెప్పేసింది. “నేనే తప్పు చెప్పాను. మూడు.”

గీతిక తలొంచుకుని నోట్సు తీసి, రెండు అన్న అంకెను కొట్టేసింది. పక్కన శ్రద్ధగా గీసుకున్న బొమ్మలో మూడో హైడ్రోజన్‌ను కూడా చెరిపి, ఆక్సిజన్ పక్కకి మార్చి గీయసాగింది.

నాగశ్రీ ఇన్నేళ్ళూ నష్టపోయింది తనొక్కతే అనుకుంటూ వచ్చింది.

“చెరపకు గీతికా,” అంది. “ఇప్పుడు నేను చెప్పింది అబద్ధం. ముందు నువ్వు రాసిందే నిజం.”

“నువ్వు కిందికి పద,” అన్నాడు మురళీకృష్ణ గుమ్మంలోంచి, మెల్లగా.

గీతిక ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. “మరి పరీక్షలో ఏది రాయమంటారు మేడమ్?”

“రెండే రాయి. ఇక్కడైతే మార్కు పోతుంది. అయినా రాయి.”

తనకేం పోతుందో ఆయన మెల్లని గొంతులోనే తెలిసింది. నాగశ్రీ బోర్డు తుడిచి, మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.